ఒత్తుకు చోటు: ఒక డీటీపీ కుర్రాడు బోర్డు రాత నేర్చుకున్న తీరు

బోర్డు రాత నేర్చుకుందామని వచ్చేవాళ్లలో చాలామంది ముందుగా అడిగేది ఒకటే: "నా చేతిరాత అంత బాగుండదండీ, నాకు వస్తుందా?" వస్తుంది. పెన్నుతో రాసేటప్పుడు కదిలేవి వేళ్లు, బోర్డు మీద కదలాల్సింది భుజం. అందుకే చేతిరాత బాగున్నవాడికి పెద్దగా కలిసొచ్చేదీ లేదు, బాగోలేనివాడికి పోయేదీ లేదు. నా అనుభవంలో కొత్తవాళ్లు ఇరుక్కుపోయే చోటు వేరే ఉంది. మన లిపిలో ఒక అక్షరం కింద ఇంకో అక్షరం వస్తుంది, పైన గుడో ఎత్వమో కూర్చుంటుంది. వాటికి ముందే చోటు ఉంచకుండా అక్షరాన్ని అందంగా గీయడం మీద పడితే బోర్డు పాడవుతుంది. ఈ సంగతి బాగా బయటపడిన ఒక కుర్రాడి కేసును మొదటి నుంచీ రాస్తాను. పేరు మాత్రం రాయను.

ఎవరు, ఎందుకు వచ్చాడు

నేను విజయవాడలో దుకాణాల బోర్డులు, గోడలు రాస్తాను. ఆటోనగర్‌లో లారీ బాడీల మీద కూడా చాలాకాలం రాశాను. ఈ కుర్రాడికి పాతికేళ్ల లోపే. డిగ్రీ మధ్యలో ఆపేసి ఒక ఫ్లెక్సీ షాపులో డీటీపీ ఆపరేటర్‌గా చేరాడు. కోరల్‌డ్రా, ఫోటోషాప్, అనూ ఫాంట్లు అతనికి కొట్టిన పిండి. పెళ్లి ఫ్లెక్సీలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు, ఏదైనా పావుగంటలో తయారు చేసేస్తాడు. అంటే రోజంతా తెలుగు అక్షరాల మధ్యే ఉంటాడు. బ్రష్ మాత్రం స్కూల్లో డ్రాయింగ్ క్లాసులో పట్టుకున్నదే.

2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించినప్పుడు ఆ షాపులో అందరికీ టెన్షన్ పట్టుకుంది. అమలు తేదీ తర్వాత వెనక్కి జరిగింది కానీ, ఇతనికి ఆ భయం పోలేదు. "ఇవాళ కాకపోతే రేపైనా ఆపేస్తారు మాస్టారూ, చేతిలో ఇంకో పని ఉండాలి" అన్నాడు. 2000 తర్వాత ఫ్లెక్సీ మిషన్లు ఊరూరా దిగినప్పుడు మా వాళ్లలో ఎంతోమంది బ్రష్ పక్కన పెట్టి ఇళ్లకు సున్నాలు వేసే పనికి, ఆటో నడిపే పనికి వెళ్లిపోయారు. పని పోతుందన్న దిగులు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే వెంటనే సరేనన్నాను.

మొదటి రోజు చూసింది

నేర్పేముందు ఎవరికైనా ఒక పరీక్ష పెడతాను. నల్ల రంగు వేసిన పాత రేకు ఒకటి గోడకు ఆనించి ఉంటుంది. చాక్‌పీస్ ఇచ్చి, ఆ రేకు నిండా ఒక పేరు రాయమంటాను. ఇతనికి ఇచ్చిన పేరు 'శ్రీ కనకదుర్గ టిఫిన్స్'. మా ఊళ్లో ఈ పేరుకు కొదవ లేదు కాబట్టి ఎప్పటికైనా రాయాల్సి వచ్చేదే. పైగా దీంట్లో తెలుగు బోర్డు కష్టాలన్నీ ఉన్నాయి: శ కింద క్రావడి, ర కింద గ ఒత్తు, న కింద స ఒత్తు, పైన గుళ్లు, గుడిదీర్ఘం, చివర పొల్లు.

అతను రాసింది చూస్తే మూడు విషయాలు తెలిశాయి. మొదటిది, 'కనక' అనే మూడక్షరాలను రేకు ఎత్తు మొత్తానికీ పట్టించాడు. దాంతో క్రావడి రేకు దాటి గోడ మీదకు వెళ్లింది, గ ఒత్తు శెనగగింజంత అయింది. రెండోది, ఎడమవైపు ధారాళంగా మొదలుపెట్టి 'టిఫిన్స్' దగ్గరికి వచ్చేసరికి అక్షరాలను ఇరికించాడు. ఈ రెండూ కొత్తవాళ్లందరూ చేసేవే. మూడోది ఇతనికి ప్రత్యేకం. 'క'ను ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో తెలియక ముందు బయటి గీత మొత్తం గీసి, తర్వాత లోపల నింపాడు. తెర మీద అక్షరం బయటి గీతగానే కనిపిస్తుంది కదా, చెయ్యి అదే నేర్చుకుంది.

కంప్యూటర్లో పేరు టైప్ చేసి, మూల పట్టుకుని లాగితే ఎంత చోటు ఉంటే అంతలో సర్దుకుంటుంది. ఒత్తు ఎక్కడ ఉండాలో ఫాంట్ తయారుచేసినవాళ్లు ముందే తేల్చేసి ఉంటారు. ఏళ్ల తరబడి అలా పని చేసినవాడికి చోటు లెక్కపెట్టే అవసరం ఒక్కసారీ రాలేదు. మిగతా విషయాల్లో అతనికి బలం ఉంది. ఏ అక్షరం ఎలా ఉండాలో కంటికి తెలుసు, ఏ రంగు మీద ఏ రంగు ఆడుతుందో తెలుసు, కస్టమర్‌తో ఓపిగ్గా మాట్లాడతాడు. వీటిని మళ్లీ నేర్పక్కర్లేదు.

వర్ణమాల పక్కన పెట్టాం

అ ఆ ఇ ఈ వరసలో మొదలుపెట్టి బండి ఱ దాకా రాయించడం చాలామంది పాటించే పద్ధతి. నేను అలా నేర్పను. ఋ, ఙ, ఞ బోర్డుల మీద తగలడం చాలా అరుదు. తగిలేవి శ్రీ, స్టోర్స్, టైలర్స్, మెడికల్స్, ఫ్యాన్సీ, క్లినిక్, జ్యూయలర్స్. వీటిలో ఒత్తు లేని మాట ఒక్కటి లేదు చూడండి. ఒక్కో అక్షరాన్ని విడిగా ముత్యంలా రాయడం వచ్చినవాడు 'స్టోర్స్' దగ్గర తెల్లమొహం వేస్తాడు, ఎందుకంటే విడి 'స' రాసినప్పుడు దాని కింద ఖాళీ ఎంత ఉంచాలన్న ప్రశ్నే రాదు. అందుకని ఇతనికి మొదటి వారం నుంచే మాటలు ఇచ్చాను. పక్కనే బ్రష్ గీతలు సాధన చేయించాను. రెండూ కలిపి నడవాలి.

గీతల విషయంలో ఇంగ్లిష్ లెటరింగ్ పాఠాలు మనకు అంతగా పనికిరావు. అవి నిలువు గీతతో మొదలవుతాయి. తెలుగులో తిన్నని నిలువు గీత ఉన్న అక్షరం కోసం వెతుక్కోవాలి. మనకు కావాల్సింది ఎడమ అర్ధవృత్తం, కుడి అర్ధవృత్తం, లోపలికి చుట్టుకునే సుడి, కొంచెం కుంగిన అడుగు గీత, తలకట్టు. ఇవి చేతికి వస్తే సగం అక్షరాలు వచ్చినట్టే. సున్నను కూడా ఒకే చుట్టులో రాయకూడదు. పై నుంచి ఎడమగా కిందికి ఒక గీత, మళ్లీ పై నుంచి కుడిగా కిందికి ఇంకో గీత, రెండూ అడుగున కలవాలి. కలిసిన చోటు కనపడకుండా రెండో గీత చివర బ్రష్‌ను నెమ్మదిగా పైకెత్తాలి.

సాధనకు పాత పేపర్లు చాలు. పేపర్‌ను అడ్డంగా తిప్పి పెడితే కాలమ్‌ల మధ్య ఖాళీలే గీతలుగా పనికొస్తాయి. దాని మీద పోస్టర్ కలర్‌తో వారం పది రోజులు. ఆ తర్వాత కిటికీ అద్దం ముక్క. అద్దం వెనక గీతలు గీసిన తెల్లకాగితం పెట్టి, ముందువైపు ఎనామిల్‌తో రాసి, టర్పెంటైన్ గుడ్డతో తుడిచేసి మళ్లీ రాయడం. అసలు రంగుతో చెయ్యి అలవాటవుతుంది, రంగు వృథా కాదు. గోడల మీద సాధన చేస్తానన్నాడు. ఇంటివాళ్లను అడిగి, వాళ్లు సరేనంటేనే చెయ్యమన్నాను. బహిరంగ స్థలాలను పాడు చేయకుండా 1997లోనే చట్టం వచ్చింది, కొత్తగా నేర్చుకునేవాడు కేసుల్లో ఇరుక్కోకూడదు.

బ్రష్ తిప్పడం

ఈ ఒక్క విషయం మాటల్లో చెప్పడం కష్టం, అయినా ప్రయత్నిస్తాను. ఫ్లాట్ బ్రష్ వెడల్పు వైపు ఎప్పుడూ గీత వెళ్లే దిక్కుకు అడ్డంగా ఉండాలి. పై నుంచి కిందికి వస్తున్నప్పుడు బ్రష్ వెడల్పు అడ్డంగా ఉంటుంది. గీత కుడికి తిరిగే కొద్దీ బ్రష్ కూడా తిరగాలి, లేకపోతే అక్కడ గీత సన్నబడిపోతుంది. ఆ తిరగడం మణికట్టుతో చేస్తే చెయ్యి సగంలో ఆగిపోతుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య బ్రష్ కాడను దొర్లించాలి. కాడ గుండ్రంగా ఉన్న బ్రష్ కొనమనేది ఇందుకే. ఎడమచేత్తో ఒక కర్ర పట్టుకుని, గుడ్డ చుట్టిన దాని కొనను బోర్డుకు ఆనించి, కుడి మణికట్టును ఆ కర్ర మీద పెట్టాలి. అప్పుడు తడి రంగుకు చెయ్యి తగలదు, వణుకు కూడా తగ్గుతుంది.

మన అక్షరం ఒకప్పుడు తాటాకు మీద గంటంతో గీసినది. గంటం గీతలో లావు, సన్నం అంటూ ఉండవు. కాబట్టి తెలుగు అక్షరం అంతా ఒకే లావులో ఉన్నా అందంగానే ఉంటుంది. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదే: ముందు గీత అంతా ఒకే లావు రావాలి, సోకులు తర్వాత. ఈ కుర్రాడికి పెళ్లికార్డుల్లో వాడే బాపు గారి తరహా ఫాంట్లంటే ఇష్టం, మొదటి నెలలోనే అలా రాయాలని ఉబలాటపడ్డాడు. వద్దన్నాను. బాపు గారి రాతలోని ఒయ్యారం ఆయన చేతి వేగంలోంచి పుట్టింది. ఆ వేగం లేకుండా ఆకారాన్ని మాత్రం అనుకరిస్తే గీతలో ప్రాణం ఉండదు.

కాడ దొర్లించడం పట్టుబడడానికి అతనికి చాలా కాలం పట్టింది. మౌస్ పట్టుకున్న చేతికి వేళ్లు విడివిడిగా కదలడం అలవాటుండదు. బస్సులో వెళ్తూ కూడా పెన్సిల్‌ను వేళ్ల మధ్య దొర్లిస్తూ ఉండమని చెప్పాను, చేశాడు.

మూడు అరలు

ఇక అసలు విషయం. ఏ తెలుగు బోర్డుకైనా ఒక వరసను మూడు అరలుగా విడదీయాలి. పై అరలో గుళ్లు, ఎత్వాలు, పొల్లు. మధ్య అరలో అక్షరం ఒళ్లు. కింది అరలో ఒత్తులు. వరస ఎత్తు 19 అంగుళాలు అనుకుంటే నేను పైకి 4, మధ్యకు 9, కిందికి 6 ఇస్తాను. అంటే ఒంటికి సగం కూడా దక్కదు. "ఇంత చిన్నగానా మాస్టారూ, షాపువాళ్లు ఒప్పుకుంటారా?" అన్నాడు ఈ కుర్రాడు. ఒళ్లు పెద్దది చేసి ఒత్తు నలిపితే దూరం నుంచి చూసేవాడికి 'దుర్గ' 'దుర'లా కనిపిస్తుంది. ఇంగ్లిష్ బోర్డులకు పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు చాలని ఒక లెక్క చెబుతారు. తెలుగులో చదవాల్సింది ఒత్తు కూడా కాబట్టి, ఆ లెక్కను ఒత్తు ఎత్తుకు పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం.

గుర్తు పెట్టే వరసను కూడా తిరగేయించాను. ముందు ఒత్తులు ఎక్కడ వస్తాయో చాక్‌పీస్‌తో సున్నలు చుట్టాలి. తర్వాత పైన వచ్చేవి. ఆఖరున అక్షరాల ఒళ్లు. ఇలా చేస్తే ఏ రెండు ఒత్తులు ఒకదానికొకటి తగులుతాయో, ఏ అక్షరం పక్కకు జరగాలో రంగు డబ్బా తెరవకముందే తెలిసిపోతుంది. ఫాంట్‌లో ఒత్తు ఉన్నచోటే ఉంటుంది. బ్రష్ పట్టినవాడు దాన్ని కాస్త కుడికి జరపొచ్చు, పక్క అక్షరం కింద ఖాళీ ఉంటే అందులోకి సాగదీయొచ్చు. చేతిరాతకు ఉన్న ఈ వెసులుబాటు తెలిసిన రోజున అతని మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత ఇంక నేను వెంటపడి చెప్పాల్సిన అవసరం రాలేదు.

దీంతో పాటు లావు గీతల వల్ల వచ్చే ప్రమాదం ఒకటి ఉంది. ప, ష, స, హ, ఘ, ఫ లకు తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది. ఆ సందు మూసుకుపోతే ప కాస్తా వ అవుతుంది, 'పచ్చళ్లు' 'వచ్చళ్లు' అయి కూర్చుంటాయి. ద కింద చిన్న గీత మర్చిపోతే ధనలక్ష్మి దనలక్ష్మి అవుతుంది. వు కొమ్మును అక్షరం అడుగు నుంచి తగిలించకుండా పైనుంచి తగిలిస్తే మ లాగా కనిపిస్తుంది. గీత లావు పెంచేముందు ఈ సందులు చూసుకోవాలి, సందు నిలవదనిపిస్తే లావు తగ్గించాలి.

అక్షరాల మధ్య దూరం స్కేలుతో కొలిస్తే కుదరదు. గుండ్రటి అక్షరం పక్కన గుండ్రటిది వస్తే దగ్గరగా జరపాలి. ఖ, జ, ట, ణ, బ, ల లకు తలకట్టు లేదు కాబట్టి వాటి నెత్తిన ఖాళీ ఎక్కువ కనిపిస్తుంది. ముందు అక్షరం తలకట్టు తోకను ఆ ఖాళీలోకి రానివ్వొచ్చు.

మొదటి బోర్డు

కొన్ని నెలలయ్యాక కాలవ గట్టున టిఫిన్ సెంటర్ నడిపే ఒకావిడ బోర్డు కావాలంది. పేరు కూడా 'శ్రీ కనకదుర్గ టిఫిన్స్' అయింది. రేకు 8 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు. కింద రెండో వరసలో ఇడ్లీ, వడ, పూరీ, పెసరట్టు రావాలి. ఈ పని అతనికే అప్పగించి నేను పక్కన నిలబడ్డాను.

రేకు కొత్త జీఐ షీటు. దీని గురించి ముందే ఒక చిన్న ముక్క మీద చేసి చూపించాను. కొత్త జీఐ రేకు మీద జింకు పూత ఉంటుంది, నూనె జిడ్డు కూడా ఉంటుంది. మామూలు ఎనామిల్ నేరుగా వేస్తే మొదట్లో అద్దంలా మెరుస్తుంది, కొన్నాళ్లకు ఆ జింకుతో చర్య జరిగి రంగు పట్టు వదిలేస్తుంది. ఆ ముక్కను కొన్ని వారాలు ఎండలో వానలో ఉంచి అతని చేత గోరుతో గీకిస్తే రంగు పొరలా లేచి వచ్చింది. అందుకని పెద్ద రేకును సబ్బునీళ్లతో కడిగి, ఎమరీ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, జీఐ రేకులకని అమ్మే ప్రైమర్ వేశాడు. దాని మీద గోల్డెన్ ఎల్లో రెండు పూతలు, మధ్యలో సన్న ఎమరీ. ఒక్కో పూత రాత్రంతా ఆరాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. పాత బోర్డు గీకి మళ్లీ వాడేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, నీళ్లతో తడుపుతూ రుద్దాలి. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబర్‌లో. అంతకు ముందు వేసిన రంగుల్లో ఏముందో చూసి చెప్పలేం. ఆ పొడి పీలిస్తే కుర్రాళ్లకే కాదు, పక్కన ఆడుకునే పిల్లలకూ ప్రమాదం.

బోర్డు నమూనాను అతను ముందు అట్ట మీద వేశాడు, అడుగుకు ఒక అంగుళం చొప్పున. పైనా కిందా 3 అంగుళాల చొప్పున మార్జిన్ పోగా 30 మిగిలాయి. మొదటి వరసకు 19, మధ్యలో 1, రెండో వరసకు 10. లెక్క కుదిరింది. కానీ ఒత్తులు చుట్టి చూస్తే 'దుర్గ'లోని గ ఒత్తు సరిగ్గా కింద 'పూరీ'లోని రీ గుడిదీర్ఘం నెత్తిన పడింది. ఒక అంగుళం ఖాళీతో అది నలిగిపోతుంది. అతను చాలాసేపు ఆ అట్ట ముందేసుకుని కూర్చున్నాడు. అక్షరాలు చిన్నవి చేద్దామా అన్నాడు, వద్దన్నాను. తర్వాత తనే పూరీని, వడను తారుమారు చేశాడు: ఇడ్లీ, పూరీ, వడ, పెసరట్టు. ఇప్పుడు గ ఒత్తు కింద 'వడ' వచ్చింది. ఆ రెండక్షరాలకు పైన తలకట్టు తప్ప ఏమీ లేదు. శ్రీ కింది క్రావడి ఎలాగూ 'ఇ' పైన పడుతుంది, 'ఇ'కి నెత్తిన గుడి లేదు.

ఆవిడను అడిగితే, "ఏది ముందుంటే ఏంటి బాబూ, పెసరట్టు మాత్రం పోనియ్యొద్దు" అంది. "పోదు పిన్నిగారూ, చివర్లో పెద్దగా కనపడుతుంది" అన్నాడు. మాటలన్నీ ఆవిడ చేత్తోనే కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకున్నాడు. ఈ అలవాటు నేను నేర్పినది కాదు, ఫ్లెక్సీ షాపులో వచ్చింది. చాలా మంచి అలవాటు.

రాసిన రోజు పొద్దున్నే మొదలుపెట్టించాను. బెజవాడ ఎండలో పదింటికల్లా రేకు కాలిపోతుంది, వేడి రేకు మీద ఎనామిల్ బ్రష్‌కు పట్టేసి చారలు పడతాయి. నీలిపొడి పట్టించిన దారం బిగబట్టి కొట్టి గీతలు వేశాం. అక్షరాలకు పోస్టాఫీస్ రెడ్. రంగు పలచన చేయడంలో అతనికి ఇంకా చెయ్యి కుదరలేదు, టర్పెంటైన్ ఎక్కువ పోశాడు. రెండో 'క' అడుగున ఎరుపు చుక్క కట్టి జారింది. కంగారు పడకుండా టర్పెంటైన్ అద్దిన గుడ్డను వేలికి చుట్టి కింది నుంచి పైకి ఒక్క తుడుపు తుడిచాడు. పసుపు రాత్రంతా గట్టిపడి ఉంది కాబట్టి అది చెక్కు చెదరలేదు. తర్వాత డబ్బాలో చిక్కటి రంగు కలిపి మజ్జిగ కంటే చిక్కగా, పెరుగు కంటే పలచగా వచ్చేదాకా చూసుకున్నాడు.

షేడ్ విషయంలో మా ఇద్దరికీ కాస్త వాదన జరిగింది. కంప్యూటర్లో అలవాటు ప్రకారం కుడి కింద నల్ల షేడ్ వేద్దామన్నాడు. మన అక్షరాలకు తోకలు, కొమ్ములు, ఒత్తులు ఎక్కువగా కుడివైపే ఉంటాయి. షేడ్ కూడా అటే వేస్తే అంతా గజిబిజి అవుతుంది. ఎడమవైపు అక్షరం పొట్ట నున్నగా ఉంటుంది, అక్కడ షేడ్ శుభ్రంగా కూర్చుంటుంది. 'శ్రీ' ఒక్కదానికే ఎడమ పక్క క్రావడి అడ్డొస్తుంది, అక్కడ షేడ్ సన్నం చేసుకోవాలి. అట్ట మీద రెండు రకాలుగా వేసి చూసుకున్నాక అతనే ఎడమవైపు ఎంచుకున్నాడు.

ఎలా నిలిచింది

బోర్డు కట్టిన రోజు రోడ్డు అవతల ఆటో స్టాండులో వాళ్లను చదవమంటే అందరూ గడగడా చదివారు. దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. 'కనకదుర్గ టిఫిన్స్' మా ఊళ్లో కళ్లు మూసుకుని కూడా చదువుతారు. అందుకే తర్వాత అతని చేత ఎవరూ ఊహించలేని ఊర్ల పేర్లు, ఇంటిపేర్లు పాత రేకు మీద రాయించి, తెలియనివాళ్లతో దూరం నుంచి చదివించాను. అక్కడ తప్పులు బయటపడ్డాయి: ఠ లో చుక్క మరీ చిన్నది, భ కి గీత కనపడటం లేదు, ళ్ల కింద ఒత్తు సన్నం. చదవగలరా లేదా అన్నది తేలాలంటే తెలియని మాటే పెట్టాలి.

ఒక వానాకాలం గడిచాక ఇద్దరం వెళ్లి చూశాం. పసుపు బాగానే ఉంది. ఎరుపు మెరుపు తగ్గింది కానీ రంగు పోలేదు. రేకు కోసిన కింది అంచు వెంబడి మాత్రం తుప్పు గీత కట్టింది. కోసిన చోట జింకు ఉండదు, అక్కడ ప్రైమర్ సరిగా పట్టించలేదు. అతను అక్కడికక్కడే గీకి, ప్రైమర్ అద్ది, పసుపు వేసి వచ్చాడు. ఇప్పుడు ఏ రేకు తెచ్చినా ముందుగా అంచులకే ప్రైమర్ వేస్తున్నాడు.

ఇంగ్లిష్ వరసలో మాత్రం ఇంకా వెనకబడే ఉన్నాడు. మొదటి నుంచీ వంపులే సాధన చేయించడం వల్ల I, L, T లాంటి తిన్నటి గీతలు అలలు పోతున్నాయి. ఊళ్లో సగం బోర్డులకు ఇంగ్లిష్ కూడా కావాలి కాబట్టి ఇది నేర్చుకోక తప్పదు. తెలుగు ముందు నేర్పడం వల్ల వచ్చిన ఈ ఆలస్యాన్ని నేను ఒప్పుకుంటాను. అయినా ఇంకో శిష్యుడు వచ్చినా ఇదే వరసలో నేర్పుతాను. వంపు వచ్చిన చెయ్యి తిన్నటి గీత నేర్చుకోవడం చూశాను. నిలువు గీతలకు బిగుసుకుపోయిన చెయ్యి వంపుకు వదులవడానికి నానా తంటాలు పడుతుంది.

ఢిల్లీలో హనీఫ్ కురేషీ అనే ఆయన ఉండేవారు, 2024లో చనిపోయారు. వీధి పెయింటర్ల అక్షరాలను సేకరించి, వాళ్ల పేర్లతోనే డిజిటల్ ఫాంట్లుగా చేసే ప్రాజెక్టు నడిపారు. ఈ కుర్రాడు ఆ ఫాంట్లు చూశాడు. తెలుగు పెయింటర్ల ఒత్తులతో అలాంటిది చేయాలని అతని కోరిక. ఆటోనగర్‌లో, వన్ టౌన్‌లో పాత బోర్డులు ఎక్కడ కనపడ్డా ఫోటోలు తీస్తున్నాడు. రెండు వైపులా తెలిసినవాడు కాబట్టి అతను చేయగలడని నాకు నమ్మకం.

ప్రస్తుతం పగలు ఫ్లెక్సీ షాపు, ఆదివారాలు బోర్డులు. చేతిలో ఉన్న పని 'శ్రీ లక్ష్మీ గణపతి మెడికల్స్'. 'క్ష్మీ'లో క కింద ష, దాని తర్వాత మ ఒత్తు, పైన గుడిదీర్ఘం. కింది అర 6 అంగుళాలు దీనికి చాలడం లేదు. మ ఒత్తును కుడికి జరిపి గణపతి 'గ' కింద ఖాళీలోకి తేవడం ఒక దారి, వరస మొత్తం పైకి జరిపి కింది అరకు ఇంకో అంగుళం ఇవ్వడం రెండో దారి. రెండూ అట్ట మీద వేశాడు. నా ఓటు మొదటిదానికి. అతను రెండోదే బాగుంటుందంటున్నాడు. బోర్డు అతనిది కాబట్టి రెండోదే రాయమన్నాను.